కరెంటు ఆవానికి కళ్ళెం

కుమ్మరి ఆవానికి థర్మామీటరు ఎప్పుడూ లేదు. పొగ రంగు మారిందా, సందుల్లోంచి కనబడే కుండ ఎరుపెక్కిందా, ఎన్ని పిడకలు వేశాం, గాలి ఎటు వీస్తోంది, ఇవన్నీ చూసుకుని "ఇక చాలు" అనే మాట కుమ్మరి నోట రావాలి. ఆ మాట ధైర్యంగా అనాలంటే తండ్రి పక్కన ఏళ్ళ తరబడి కూర్చోవాలి. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో, మేడ మీది రేకుల షెడ్లలో కుండలు చేస్తున్న పిల్లలకు పిడకలూ లేవు, పొగా లేదు, కూర్చునే తీరికా లేదు. ఉన్నది కరెంటు కిల్ను. లోపల తేలికపాటి ఇన్సులేషన్ ఇటుక, ఇటుకలో గాడి, గాడిలో స్ప్రింగులా చుట్టిన ఎలిమెంటు తీగ. అంతే దాని సంగతి.

మా మనవరాలు బుజ్జి అలాంటిదొకటి సెకండ్ హ్యాండులో కొంది. కిల్ను లక్షణంగా ఉంది, దాని కంట్రోలరు పోయింది. "కొత్తది కొందామంటే ధర చూసి గుండె గుభేలుమంది తాతయ్యా, మనమే చేసుకోలేమా?" అని అడిగింది. చేసుకోవచ్చు. విడిభాగాలన్నీ బజారులో దొరికేవే. కాకపోతే పిల్లలు అనుకునేట్టు ఇందులో కష్టం ప్రోగ్రాం రాయడంలో లేదు. ఏ ముక్క పాడైనా సరే కిల్ను ఆరిపోవాలి గానీ మండుతూ ఉండిపోకూడదు. తల బద్దలు కొట్టుకోవలసింది అక్కడే.

"అసలు కంట్రోలరెందుకు? స్విచ్ వేసి, ఎర్రబడ్డాక తీసేస్తే పోలేదా?" అని మీరూ అడగొచ్చు. మట్టి ఒప్పుకోదు. బాగా ఆరిందనుకున్న కుండలోనూ తడి ఉంటుంది. ఆ నీరు ఆవిరైతే తనకు 1,600 రెట్లకు పైగా చోటు కావాలంటుంది. మందపాటి గోడలోంచి దారి దొరక్కపోతే కుండ టప్పున పేలుతుంది. అందుకే 90 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఆపి తడి పోనివ్వాలి. తర్వాత 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి అణువుల్లోనే కట్టుబడి ఉన్న నీరు వదిలిపోతుంది. ఇది జరిగాక ఆ కుండను నీళ్ళలో ఎన్నాళ్ళు నానబెట్టినా మళ్ళీ బురద కాదు. సరిగ్గా 573 డిగ్రీల దగ్గర ఇంకో తమాషా. మట్టిలో ఉండే క్వార్ట్జ్ ఇసుక అమరిక మార్చుకుని ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు మళ్ళీ అదే చోట కుంచించుకుంటుంది. కుండ ఒక పక్క ముందూ ఇంకో పక్క వెనకా అయితే చీలిక ఖాయం. ఇవన్నీ దాటుకుని మొదటి కాల్పు 1,000 డిగ్రీల దగ్గర ముగుస్తుంది. మెరుగు పూసి కాల్చే రెండో కాల్పు స్టోన్‌వేర్‌కైతే 1,220 దాకా పోతుంది. కాబట్టి గంటకు ఇన్ని డిగ్రీలు అని వేడిని నడిపించాలి. అన్ని గంటలు కళ్ళప్పగించి స్విచ్ వేసి తీసే ఓపిక మనిషికి ఉండదు.

ఈ వేడిని కొలవాలన్న తపన ఈనాటిది కాదు. ఇంగ్లండులో జొసయ్యా వెడ్జ్‌వుడ్ అని పేరుమోసిన కుమ్మరి ఉండేవాడు. చార్లెస్ డార్విన్‌కు తల్లి తరఫు తాత. తాతల గొప్ప తాతలే చెప్పుకోవాలి మరి! 1782లో ఆయన చిన్న చిన్న మట్టి బిళ్ళలు చేసి కొలిమిలో పెట్టి, తీశాక అవి ఎంత కుంచించుకుపోయాయో సన్నబడుతూ పోయే ఇత్తడి గాడిలో జార్చి చూసి, దాన్నిబట్టి వేడి లెక్కకట్టాడు. మరుసటి ఏడు రాయల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. పద్ధతి బాగుంది గానీ స్కేలు ఘోరంగా తప్పింది. పోత ఇనుము కరిగే వేడి ఆయన లెక్కలో దాదాపు 18 వేల ఫారన్‌హీట్ డిగ్రీలు తేలింది. నిజానికి అది 2,200కు అటూ ఇటూ ఉంటుంది. అయినా ఆయన సామాను చక్కగానే కాలింది. నిన్న బాగా కాలిన కాల్పులో బిళ్ళ ఎంత కుంచించుకుందో ఇవాళా అంతే కుంచించుకుంటే కుమ్మరికి చాలు, అసలు డిగ్రీలు ఎన్నయితే ఏం?

మన కంట్రోలరు పెట్టెకు మాత్రం బిళ్ళలు పనికిరావు. కిల్ను మూసి ఉండగానే క్షణక్షణం వేడి ఎంతో తెలియాలి. అందుకు థర్మోకపుల్. 1821లో థామస్ సీబెక్ అనే ఆయన రెండు వేర్వేరు లోహాలను చివరలు కలిపి, ఒక కలయికను వేడిచేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. ఇదేదో అయస్కాంత మహిమ అనుకున్నాడు. కాదు, తీగలో కరెంటు పారుతోందని డెన్మార్కు శాస్త్రవేత్త ఆర్‌స్టెడ్ సరిదిద్దాడు. మనం వాడే కె టైపు థర్మోకపుల్‌లో ఒక తీగ క్రోమెల్, రెండోది అల్యూమెల్. రెండింట్లోనూ ముప్పాతికకు మించి నికెలే. డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు పుట్టిస్తుంది. 1,000 డిగ్రీల దగ్గర మొత్తం 41 మిల్లీవోల్టులు, అంటే టార్చిలైటు సెల్లు వోల్టేజీలో ముప్పై ఆరో వంతు. ఇంత చిన్న సంకేతాన్ని పట్టుకుని 3,000 వాట్లను ఆడించాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, బుజ్జిని కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పాను. థర్మోకపుల్ చెప్పేది కొన దగ్గరి వేడి కాదు. కొనకూ, తీగ మరో చివరకూ మధ్య తేడా. పెట్టెలో టెర్మినల్ దగ్గర 40 డిగ్రీలుంటే ఆ 40 కలుపుకోవాలి. మ్యాక్స్ 31855 లాంటి చిప్పులు తమ ఒంటి వేడి చూసుకుని ఆ కూడిక అవే చేస్తాయి. బాగానే ఉంది. కానీ చాలామంది ఏం చేస్తారంటే, థర్మోకపుల్ తీగ పొట్టిగా ఉందని కిల్ను గోడ దగ్గర మామూలు రాగి తీగతో అతుకు వేసి పెట్టె దాకా లాగుతారు. కిల్ను గోడ దగ్గర 150 డిగ్రీలు, పెట్టె దగ్గర 40. మధ్యలో రాగి తీగ ఆ 110 డిగ్రీల తేడాను మింగేస్తుంది. అంకె 110 తక్కువ చూపిస్తుంది, మనం 1,000 అనుకుంటే లోపల 1,110. మెరుగు కాస్తా కారి కిల్ను పలకకు అంటుకుపోతుంది. అందుకని అతుకు వేయాల్సొస్తే కె టైపు ఎక్స్‌టెన్షన్ కేబులే కొనాలి, రాగి కాదు.

ఇంకోటి, ఎరుపు రంగు. అమెరికా పద్ధతిలో థర్మోకపుల్ ఎర్ర తీగ మైనస్. ఎరుపంటే ప్లస్ అని చిన్నప్పటి నుంచి మనకు ఒంటబట్టిన పాఠం. తిప్పి కలిపామంటే కిల్ను వేడెక్కేకొద్దీ అంకె పడిపోతుంది, పాపం కంట్రోలరు "అయ్యో చల్లబడుతోందే" అని ఇంకా కరెంటు పోస్తుంది. రంగుల్ని నమ్మకుండా చిన్న అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. అల్యూమెల్‌ను అది కాస్త లాగుతుంది, క్రోమెల్‌ను లాగదు. లాగిందే మైనస్.

చిప్పు కొనేటప్పుడు దాని మీది నెంబరు కూడా చదువుకోండి. మ్యాక్స్ 6675 అనే పాత చిప్పు ఇప్పటికీ విరివిగా దొరుకుతుంది. అది 1,023.75 డిగ్రీలు దాటి లెక్కపెట్టలేదు. మొదటి కాల్పుకు అంచు మీద గట్టెక్కుతారు, 1,220 డిగ్రీల మెరుగు కాల్పుకు అది దండగ.

ఇక బుర్ర సంగతి. వేడి తక్కువైతే వెయ్యి, ఎక్కువైతే తియ్యి అనే ఏర్పాటు నాలుగొందల ఏళ్ళ నాటిది. డచ్చి దేశస్థుడు కొర్నేలిస్ డ్రెబెల్ 1620ల్లో ఇంగ్లండులో ఉంటూ, వేడికి ఉబ్బే ఆల్కహాలుతో పాదరసాన్ని నెట్టించి, దాంతో పొయ్యికి గాలి దారి మూసే ఏర్పాటు చేశాడు. ఇస్త్రీపెట్టెకు ఆ మాత్రం చాలు. కిల్నుకు చాలదు. ఇటుకలు, పలకలు, కుండలు వేడిని దాచుకుంటాయి. స్విచ్ తీసినా ఎలిమెంటులోని వేడి కాసేపు లోపలికి వస్తూనే ఉంటుంది. పైగా వేడి పెంచడమే మన చేతిలో ఉంది, తగ్గించడం లేదు. దాటిపోయాక చల్లారే దాకా చూస్తూ కూర్చోవడమే.

మీ అమ్మమ్మ పాలు కాచేటప్పుడు చూడవే బుజ్జీ అన్నాను. పొంగడానికి ఇంకా ఎంత దూరం ఉందో చూస్తుంది. ఎంత వేగంగా పైకి లేస్తున్నాయో చూస్తుంది, అంచుకు రాకముందే మంట తగ్గిస్తుంది. సిలిండరు అయిపోవచ్చి మంట నీరసంగా ఉంటే, ఇంతసేపైనా కాగలేదేమని నాబు ఇంకాస్త తిప్పుతుంది. ఈ మూడింటినీ అంకెల్లో పెడితే పీఐడీ. పి అంటే ఇప్పుడున్న తేడా, ఐ అంటే ఇప్పటిదాకా పేరుకున్న తేడా, డి అంటే తేడా మారే వేగం. మూడింటినీ తగిన పాళ్ళలో కలిపి, నూటికి ఎంత కరెంటు ఇవ్వాలో తేల్చడం. దీన్ని మొదట లెక్కల్లో రాసింది కుమ్మరీ కాదు, వంటవాడూ కాదు. రష్యాలో పుట్టి అమెరికా చేరిన నికొలాస్ మినోర్‌స్కీ, 1922లో. ఓడను దారి తప్పకుండా నడిపే చుక్కానివాణ్ణి గమనించి ఆ సూత్రం రాశాడు. తర్వాత న్యూ మెక్సికో అనే అమెరికా యుద్ధనౌక మీద పరీక్షించారు.

నూటికి 60 పాళ్ళు కరెంటు అంటే తీగలో పారే కరెంటును సన్నం చేయడమని కాదు. రెండు సెకన్లను ఒక వాయిదాగా పెట్టుకుని, అందులో 1.2 సెకన్లు పూర్తిగా వేసి తక్కిన 0.8 సెకన్లు పూర్తిగా ఆపడం. కిల్ను బరువుకు ఆ చిన్న విరామాలు తెలియనే తెలియవు.

అన్నీ పుస్తకంలో ఉన్నట్టు జరిగితే ఇక్కడితో అయిపోయేది. మన ఊళ్ళో కరెంటు 230 వోల్టులని బోర్డు మీద రాసి ఉంటుంది, నిజంగా అంత ఉంటే పండగే. 3,000 వాట్ల కిల్ను 230 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు లాగుతుంది. మే నెల సాయంత్రం వీధిలో ఏసీలన్నీ వేసుకున్నాక వోల్టేజీ 200కు దిగిందనుకోండి. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 3,000 కాస్తా 2,270 అవుతుంది. 180కి దిగితే 1,840. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి, 90 దగ్గర ఆపి, 600 దాకా గంటకు 60 డిగ్రీల చొప్పున, అక్కడినుంచి 150 చొప్పున ఎక్కిస్తే సాయంత్రం ఏడింటికి 800 దాటుతాం. ఎక్కువ కరెంటు కావలసింది అప్పుడే, వోల్టేజీ పడేదీ అప్పుడే. ప్రోగ్రాం గడియారం మాత్రం ఆగదు. ఇప్పుడు 950 ఉండాలి అంటుంది అది. కిల్ను 860 దగ్గర నిలబడి ఆయాసపడుతుంటుంది. ఐ అనే పద్దులో బాకీ పేరుకుపోతుంటుంది. రాత్రి పదింటికి వీధి చల్లబడి వోల్టేజీ లేవగానే ఆ బాకీ మొత్తం ఒక్కసారి వసూలు చేస్తుంది కంట్రోలరు. కిల్ను గంతేసి లక్ష్యం దాటి పోతుంది.

మందు సులభమే. కిల్ను లక్ష్యానికి 15 డిగ్రీల కంటే వెనకబడితే గడియారాన్ని ఆపేయాలి, అందుకున్నాకే కదలనివ్వాలి. కరెంటు నూటికి నూరు పాళ్ళు ఇస్తున్నప్పుడు ఐ పద్దులో కొత్త బాకీ రాయకూడదు. ఈ రెండు షరతులూ ప్రోగ్రాంలో నాలుగు లైన్లు. విదేశాల్లో చేసిన చిన్న కంట్రోలర్లు కొన్నింటిలో మొదటి షరతు ఉంటుంది గానీ, మీట నొక్కి తెరిస్తే తప్ప పనిచేయదు. కొన్నవాళ్ళు కూడా మాన్యువల్ తీసి చూసుకోవాలి.

ఇక కరెంటును వేసి తీసే చెయ్యి. రెండు సెకన్లకోసారి టిక్కుమంటే మామూలు రిలే కాంటాక్టులు త్వరలోనే అరిగిపోతాయి. అందుకే సాలిడ్ స్టేట్ రిలే వాడతాం. అందులో కదిలే ముక్కలేవీ లేవు. 13 ఆంపియర్లు పారుతుంటే అది 15 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. అల్యూమినియం హీట్ సింక్‌కు పేస్టు రాసి గట్టిగా బిగించాలి, గాలి తగిలేలా నిలువుగా పెట్టాలి. 13 ఆంపియర్ల పనికి 40 ఆంపియర్ల రిలే కొనడం దుబారా కాదు.

ఇప్పుడు అసలు కథ. సాలిడ్ స్టేట్ రిలే చచ్చిపోయేటప్పుడు ఎక్కువగా తలుపు తెరిచి చచ్చిపోతుంది. అంటే లోపల షార్టయి, కరెంటు పారుతూనే ఉంటుంది. కంట్రోలరు ఆపు ఆపు అని ఎంత మొత్తుకున్నా వినేవాడు లేడు. తెల్లారేసరికి ఎలిమెంట్లు కరిగి, పలకలు వంగి, కుండలు ముద్దయి ఉంటాయి. కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ ఆ గుదియ పాడైన రిలే. ఇల్లు అంటుకోకపోతే అదృష్టమే.

అందుకని రిలేకు ముందు వరసలో ఒక కాంటాక్టరు పెట్టాలి. కాల్పు మొదలైనప్పుడు ఒకసారి మూసుకుని, అయిపోయాక ఒకసారి తెరుచుకుంటుంది కాబట్టి అది అరిగేదేమీ ఉండదు. దాని కాయిల్‌కు వెళ్ళే తీగ మూడు చోట్ల తెగగలిగేలా ఉండాలి. తలుపు తీయగానే తెగే స్విచ్ ఒకటి. చేత్తో కొట్టే ఎర్ర బటన్ ఒకటి. మూడోది ముఖ్యం, వేరే థర్మోకపుల్, వేరే చిన్న కంట్రోలరు. దానికి పీఐడీ తెలివితేటలు అక్కర్లేదు. నిర్ణయించిన గరిష్ఠం దాటితే కాయిల్‌ను తెంపి మొండికేసి కూర్చోవడమే దాని ఉద్యోగం. "ఒకే థర్మోకపుల్‌ను రెండింటికీ కలిపేద్దామా తాతయ్యా, ఒకటి మిగులుతుంది" అంది బుజ్జి. ఆ ఒక్కటి కిల్నులోంచి జారి బయటికొస్తే ఇద్దరికీ ఒకే అబద్ధం చెబుతుందే తల్లీ అన్నాను.

ప్రోగ్రాంలోనూ అనుమానపు బుద్ధి ఉండాలి. పది నిమిషాలు పూర్తి కరెంటు ఇచ్చినా అంకె పెరగకపోతే థర్మోకపుల్ జారినట్టో ఎలిమెంటు తెగినట్టో లెక్క, వెంటనే ఆపేయాలి. థర్మోకపుల్ తీగ తెగిందని చిప్పు చెబితే ఆపేయాలి. ప్రోగ్రామే మధ్యలో బిగుసుకుపోతే, కాపలా టైమరు దాన్ని తట్టి మళ్ళీ మొదలుపెట్టించాలి. ఆ మొదలయ్యే క్షణంలో రిలేకు వెళ్ళే తీగ సున్నా దగ్గర ఉండేలా ఒక రెసిస్టరు భూమికి కట్టాలి. థర్మోకపుల్ కొన ఎలిమెంటుకు తగిలిందా, 230 వోల్టులు నేరుగా బోర్డులోకి దిగుతాయి. పింగాణీ గొట్టం లేకుండా లోపల పెట్టకండి.

పెట్టె తయారవగానే కిల్నుకు తగిలించెయ్యాలని చేతులు దురద పెడతాయి. ముందు 100 వాట్ల బల్బుతో ఆడించి చూడండి. థర్మోకపుల్ కొనను కరుగుతున్న మంచులో ముంచితే సున్నా దగ్గర చూపాలి. మరిగే నీళ్ళలో ముంచితే విజయవాడలో 100, హైదరాబాదులో 98 చిల్లర. హైదరాబాదు సముద్రమట్టానికి అయిదొందల మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు ముందే మరుగుతాయి. ఆ రెండు డిగ్రీలు చూసి చిప్పు తప్పని తీసిపారేయకండి. తర్వాత బల్బు వెలుగుతుండగా థర్మోకపుల్ తీగ పీకేయండి. బల్బు ఆరాలి. తలుపు స్విచ్ వదిలేయండి. ఆరాలి. ఒక్కటి ఆరకపోయినా ఆ పెట్టె కిల్ను దగ్గరికి పోకూడదు.

అంకె సరిగ్గా ఉంటే కుండ సరిగ్గా కాలినట్టేనా అంటే, కాదు. థర్మోకపుల్ తనున్న చోటు సంగతే చెబుతుంది, కిల్నులో పైకీ కిందకీ తేడా ఉంటుంది. పైగా కె టైపు తీగ ఎక్కువ వేడికి కాలీకాలీ మెల్లగా అబద్ధాలు మొదలుపెడుతుంది. మట్టికి కావలసింది వేడి ఒక్కటే కాదు, ఆ వేడిలో గడిపిన కాలం కూడా. దానికి జర్మనీలో హెర్మన్ సెగర్ 1886లో చేసిన ఉపాయం ఇప్పటికీ చెల్లుతోంది. మట్టితో, మెరుగు సరుకులతో చేసిన సన్నటి కోను. తగినంత కాలగానే మెత్తబడి తల వంచుతుంది. పదేళ్ళ తర్వాత, 1896లో, అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ వాటి తయారీ మొదలుపెట్టాడు. ఆర్టన్ ఆరో నెంబరు కోను గంటకు 60 డిగ్రీల చొప్పున ఎక్కిస్తే 1,222 దగ్గర వంగుతుంది, 150 చొప్పున తోస్తే 1,243 దాకా నిలబడుతుంది. వంగిన కోనుకూ తెర మీది అంకెకూ తగువొస్తే నా ఓటు కోనుకే. ప్రతి కాల్పుకూ కనీసం రెండు పెట్టండి, పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి.

చివరిగా ఒక పెద్దమనిషి మాటగా వినండి. పెట్టె లోపలి చిన్న కరెంటు వరకే మీ ప్రయోగాలు. మీటరు బోర్డు నుంచి కిల్ను దాకా లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. ప్లగ్గూ సాకెట్టూ వద్దు, పన్నెండు గంటలు ఏకబిగిన 13 ఆంపియర్లు పారితే అవి మెత్తబడతాయి. విడి లైను, విడి ఎంసీబీ, దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, కిల్ను ఒంటికి నిజమైన ఎర్తింగు ఉండాలి. మెయిన్ స్విచ్ గది తలుపు దగ్గర పెట్టించండి, కిల్ను మీదుగా చెయ్యి చాపాల్సిన చోట కాదు. కాల్పు పొద్దున్నే మొదలుపెట్టండి, ఆఖరి రెండు వందల డిగ్రీల వేళకు ఇంట్లో ఒకరు మెలకువగా ఉండాలి. కంట్రోలరు ఎంత బాగా కుదిరినా సరే, కిల్ను వేసి సినిమాకు పోవద్దు.